మా కుక్క కరిచిన పదకొండు మంది

గాజులు తొడగడం చేతిపని అనుకుంటారు చాలామంది. కాదు, అది నోటిపని. మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే. ఎంత మెత్తని చెయ్యి అయినా, గాజు బొటనవేలి మొదట్లో ఉన్న ఎముక దగ్గరికి వచ్చేసరికి బిగుసుకుంటుంది. బిగుసుకున్న చేతి మీద గాజును నెడితే గాజూ దక్కదు, చర్మమూ దక్కదు. ఆ ఒక్క క్షణం తొడిగించుకునే ఆవిడ తన చేతిని మరిచిపోవాలి. మరిచిపోవాలంటే ఎదుట కూర్చున్నవాడు ఏదో ఒకటి చెప్పాలి. ధర చెబితే ఇంకా బిగుసుకుంటుంది. ఇంటి సంగతులు అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. అందుకని బళేపేటలో గాజుల అంగడి పెట్టిన ప్రతివాడూ కథలు చెబుతాడు. నేను కొంచెం ఎక్కువ చెబుతాను.

ఆ కొంచెం ఎక్కువ వల్లనే యుద్ధం రోజుల్లో నేను మా కుక్కకు ఇన్సూరెన్సు చేయించవలసి వచ్చింది.

ముందు కుక్క ఎలా వచ్చిందో చెబుతాను. ఇది జరిగిన సంగతి. కాడుగోడి దగ్గర ఒక పల్లెలో పెళ్ళివారికి గాజులు ఇచ్చి, తిరుగు రైలు కోసం స్టేషనులో కూర్చున్నాను. బెంచీ కింద ఒక గోధుమరంగు కుక్క పడుకుని ఉంది. ఒక చెవి నిక్కబొడుచుకుని, రెండోది మడిచి మరిచిపోయినట్టు వాలిపోయి ఉంది. ప్లాట్‌ఫారం మీద తిరుగుతున్న మేక ఒకటి నింపాదిగా వచ్చి దాన్ని కొమ్ములతో పొడిచింది. కుక్క కుయ్యిమంటూ నా కాళ్ళ మధ్య దూరింది. మేక నన్నూ ఒకటి పొడిచి తన దారిన పోయింది. రైలు వచ్చాక నేను ఎక్కితే నా వెనకే కుక్కా ఎక్కింది. టికెట్లు చూసే ఆయన వచ్చేసరికి నా ఖాళీ గాజుల బుట్టలో ముడుచుకుని, పైన కప్పిన గుడ్డ కింద ఊపిరి బిగబట్టి పడుకుంది. మా ఇద్దరికీ అక్కడే పొత్తు కుదిరింది.

అప్పటికి మా ఇంటావిడకు వినపడటం ఆగిపోయి ఏడాది దాటింది. రెండు వారాలు జ్వరంతో పడుకుంది. జ్వరం పోతూ పోతూ రెండు చెవులూ పట్టుకుపోయింది. అంగడి ముందు గది, ఇల్లు వెనక రెండు గదులు. నేను ముందు కూర్చుంటే, వెనక తలుపు దగ్గర ఎవరు ఎంతసేపు పిలిచినా ఆమెకు తెలియదు. ఆమె అక్క ఒకసారి తలుపు తట్టీ తట్టీ అలిగి వెళ్ళిపోయింది. కొళాయి దగ్గరనుంచి బిందెతో వస్తుంటే వెనకనుంచి తోపుడు బండి తగిలి మోచెయ్యి వాచింది. ఆ తరువాత ఆమె వీధిలోకి రావడమే మానేసింది. నీళ్ళు నేనే తెచ్చేవాణ్ణి. అంగళ్ళవాళ్ళు నవ్వితే నవ్వనీ అనుకున్నాను గానీ, ఆమె గోడ వైపు తిరిగి కూర్చోవడం చూడలేకపోయాను.

కుక్కకు ఎవరూ ఏదీ నేర్పలేదు. వచ్చిన నెలకు, తలుపు దగ్గర ఎవరైనా పిలిస్తే అది లేచి వెళ్ళి ఆమె మోకాలికి ముక్కు ఆనించి, తలుపు వైపు నాలుగడుగులు వేసి నిలబడేది. వీధిలో నడిచేటప్పుడు ఆమె వెనకే నడిచి, బండి వస్తే తన ఒంటితో ఆమె కాలిని పక్కకు నెట్టేది. దాన్ని వెంటబెట్టుకుని ఆమె మళ్ళీ కొళాయికి వెళ్ళింది. మొదటి రోజు బిందె దించి, గుమ్మంలో నిలబడి, "ఇదో, నేనే తెచ్చినా చూడు" అంది. ఆమె గొంతు ఆమెకు వినపడదు కాబట్టి ఆమె మాట బళేపేట అంతా వినపడుతుంది. ఇంట్లో ఉప్పు అయిపోయిందని నాతో చెబితే వీధి చివరి అంగడివాడు పొట్లం కట్టి సిద్ధంగా పెడతాడు.

ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పోల్చుకోవడం ఆమె తొందరగానే నేర్చుకుంది. నా పెదవుల దగ్గర ఇంకో విద్య కూడా నేర్చుకుంది. నేను చెప్పేది నిజమో కథో మాట పూర్తి కాకముందే పట్టేస్తుంది. అబద్ధమాడేటప్పుడు నా పై పెదవి ఎడమవైపు జరుగుతుందట. అద్దంలో చాలాసార్లు చూసుకున్నాను. నాకైతే కనపడలేదు.

కుక్క వచ్చాక నా కథలన్నింటిలోకీ అదే వచ్చి కూర్చుంది. అసలుకు అది గొడుగు తెరిస్తే మంచం కిందికి పోతుంది, కోడిపుంజు ఎదురైతే దారి మార్చుకుంటుంది. కానీ ఆ సంగతి చెబితే ఏ చెయ్యి మెత్తబడుతుంది? అందుకని నా కథల్లో అది కాడుగోడి స్టేషనులో పెట్టె ఎత్తుకుపోతున్న దొంగ పంచె పట్టుకుని లాగి, వాణ్ణి గోచీతో రెండు మైళ్ళు పరుగెత్తించింది. దండులో, అంటే మన కంటోన్మెంటులో, ఒక తెల్ల సార్జంటు పిక్క పట్టుకుంది. ఆ సార్జంటు కోపగించుకోకుండా దానికి సలాము కొట్టి, పటాలంలో చేర్చుకుంటానని ఉత్తరం రాశాడు. అత్తిబెలె చింతతోపులో చిరుతను తరిమింది. చిరుత చెట్టెక్కి మూడు రోజులు దిగలేదు. ఇవన్నీ గాజు ఎముక దాటేంతసేపటి కథలు. దాటాక నేను మరిచిపోయేవాణ్ణి. విన్నవాళ్ళు మరిచిపోకుండా ఇళ్ళకు తీసుకువెళ్ళారు.

మా వరస అంగళ్ళన్నీ ఒక్కరివే. పక్కనే ఇనుప సామాన్ల అంగడి నడిపే పెద్దాయనవి. ఆయన కొత్త కోడలు అత్తిబెలె అవతలి పల్లె పిల్ల. పెళ్ళి గాజులు నేనే తొడిగాను. పుట్టింటి తట్టు మాటైతే ధైర్యంగా ఉంటుందని చిరుత కథ ఆ పిల్ల కోసమే అత్తిబెలెకు మార్చాను. గాజులు సుఖంగా దిగాయి. పిల్లకు మాత్రం మా కుక్కంటే ప్రాణభయం పట్టుకుంది.

ఏడాది తిరిగింది. ఆ పిల్లకు ఏడో నెల. ఒక పొద్దున వీధిలో నడుస్తుంటే మా కుక్క వెనకనుంచి వెళ్ళి ఆమె కాలిని నెట్టిందట. ఆమె కేకపెట్టి పరుగెత్తి, మెట్టు తగిలి పడబోయి గోడ పట్టుకుంది. మోకాలు గీసుకుపోయింది. ఇంకేమీ కాలేదు. మా ఆవిడ కొళాయి దగ్గరనుంచి అంతా చూసింది. వెనక ఇనుప కడ్డీల బండి వస్తోందని, కుక్క తనను నెట్టినట్టే ఆ పిల్లనూ నెట్టిందని నాకు చెప్పింది. నేను ఆ మాటే వెళ్ళి పెద్దాయనకు చెప్పాను.

ఆయన తూకం రాళ్ళు సర్దుతూ విన్నాడు.

"బండి వస్తా ఉంటే కుక్క పక్కకి నెట్టిందా?"

"అవునన్నా."

"సార్జంటు సలాము కొట్టినట్లే గదా ఇదీ?"

ఆయన చేతిలోని తూకం రాయి కింద పెట్టాడు.

"చూడప్పా, నీ మింద నాకు కోపం లేదు. వీధిలో ఇంతమందిని కరిచిన కుక్క. నా కోడలు బరువు మనిషి. రేపు ఏమన్నా అయితే జవాబు ఎవరు చెప్పల్ల? నువ్వా? నువ్వు చెప్తే అది ఇంకో కథ అవుతాది. దండులో దొరలు కుక్కలకి ఇన్సూరెన్సు కడతారంట. కరిస్తే కంపెనీ వాళ్ళు జవాబు చెప్తారంట. నువ్వూ ఆ కాగితం తెచ్చి చూపించు, కుక్క ఉంటాది. లేదంటే శ్రీమంతానికి గాజులు తొడిగించుకునే దినం నా బండి అత్తిబెలెకి పోతాది. దాంట్లో ఎక్కించి ఆ చింతతోపులోనే వదిలేస్తాం. చిరుత ఎట్లాగూ కాచుకోని ఉండాది గదా."

అంగట్లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నాకు చేతకాదని తెలిసే ఆయన ఆ మాటన్నాడు. శ్రీమంతానికి ఇంకా ఇరవై రోజులున్నాయి. ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ కొళాయి బిందె తోముతోంది. కుక్క ఆమె పక్కన కూర్చుని ఉంది. నేను చెప్పక ముందే నా ముఖం చూసి, "ఏమన్నాడు?" అని అడిగింది. చెప్పాను. ఆమె బిందె బోర్లించి లోపలికి పోయింది. మరుసటి రోజు పొద్దున్నే నేను తెల్లచొక్కా వేసుకుని, కుక్కను వెంటబెట్టుకుని దండుకు బయలుదేరాను.

కుక్కను చూసి జట్కావాడు ఎక్కించుకోనన్నాడు. నడిచాను. దండులోని ఇన్సూరెన్సు ఆఫీసు మెట్ల మీద కాపలా ఉన్న దర్బాను నన్ను ఆపి, గాజులమ్మే దారి అటు అని చూపించాడు. ఆ రోజు తిరిగి వచ్చాను. రెండో రోజూ వెళ్ళాను, ఎండ ఎక్కేదాకా మెట్ల మీద కూర్చున్నాను. మూడో రోజు లోపలనుంచి కోటు వేసుకున్న ఒక ఏజెంటు బయటికి వచ్చి, మెట్ల మీద ఒక చెవి వాలిన కుక్కనూ, దాని పక్కన నన్నూ చూసి, దర్బానుతో కన్నడంలో ఏదో అని నవ్వాడు. నేను కుక్కతో తెలుగులో, "నవ్వనీప్పా, మనకి పని ఉండాది, నవ్వినా పోము" అన్నాను.

ఏజెంటు తెలుగు విని ఆగాడు. "యా ఊరప్పా మీది?"

"బళేపేట సార్. తాతల కాలంనుంచి."

"నాది అత్తిబెలె" అన్నాడు. అంతే, లోపలికి తీసుకువెళ్ళాడు. అత్తిబెలె పేరు వినగానే చిరుత నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

ఆయన మూడు రకాల పాలసీలు చెప్పాడు. మొదటిది, కుక్క చచ్చిపోతే యజమానికి డబ్బు వచ్చేది. దొరలందరూ అదే తీసుకుంటారని, చూపించుకోవడానికి కాగితం కూడా పెద్దదిగా, అందంగా ఉంటుందని అన్నాడు. రెండోది, ఎవరైనా ఎత్తుకుపోతే ఇచ్చేది. మూడోది, మన కుక్క ఇంకొకరిని కరిచినా, కింద పడేసినా, సొత్తు పాడుచేసినా ఆ మనిషికి వైద్యం ఖర్చూ నష్టమూ కంపెనీయే ఇచ్చేది. మూడోది ఎవరూ అడగరని, కాగితం కూడా చిన్నదేనని అన్నాడు. మూడూ కలిపి తీసుకునే స్తోమత నాకు లేదు. ఏదో ఒకటి తేల్చుకుని రమ్మన్నాడు.

నిజం ఒప్పుకుంటాను. పెద్ద కాగితం మీదికి నా మనసు పోయింది. ఎర్ర ముద్ర, రెండు సింహాలు ఉన్న కాగితాన్ని అంగట్లో అద్దం బిగించి తగిలిస్తే దాని కింద కూర్చుని ఎన్ని కథలైనా చెప్పవచ్చు. దాంట్లో ఇంగ్లీషులో ఏముందో పెద్దాయనకు మాత్రం ఏం తెలుస్తుంది? ఇంటికి వచ్చి మా ఆవిడకు మొదటి పాలసీ గొప్పతనం అంతా వర్ణించాను. ఆమె నా పెదవులనే చూస్తూ విని అడిగింది:

"కుక్క చస్తే మనకి దుడ్డు ఇస్తారు. అంతేనా?"

"అంతే."

"ఆ దుడ్డు తలుపు కాడ ఎవురొచ్చిందీ వచ్చి నాకు చెప్తాదా?"

వీధిలో పోతున్నవాళ్ళు కూడా ఆగి విన్నారు. నేను పెద్ద కాగితం మీద ఆశ వదులుకున్నాను. దొంగతనం పాలసీ గురించి మేము మాట్లాడుకోనే లేదు. అది బుట్టలో కూర్చుని తనంతట తాను వచ్చిన కుక్క. కావలసింది మూడోదే. ఆ పిల్లకు ఏదైనా అయితే దిక్కుగా నిలబడే కాగితం. పెద్దాయన అడిగిందీ అదే, న్యాయంగా చూస్తే.

మరునాడు వెళ్ళి ఏజెంటుకు చెబితే ఆయన ఫారం ఇచ్చాడు. అందులో ఇంగ్లీషు ప్రశ్నలు ఆయన చదివితే జవాబులు నేను చెప్పాలి. కుక్క పేరు అడిగాడు. మేము పేరు పెట్టలేదు, మా ఆవిడ 'రాప్పా' అని పిలుస్తుంది, ఆ పిలుపుకు వీధిలో మగవాళ్ళందరూ తిరిగి చూస్తారు, కుక్క ఒక్కటే చూడదు అన్నాను. జాతి అడిగాడు. నేను గొంతు సవరించుకున్నాను. తండ్రి ఒక కర్నలు దొర వేటకుక్క అనీ, తల్లి రాజుల ఇంటినుంచి వచ్చిందనీ మొదలుపెట్టి తాతల దాకా వెళ్ళాను. ఆయన ఓపికగా రాసుకుని, చివరి పంక్తి మీద వేలు పెట్టి చదివి చెప్పాడు.

"పైన రాసినదాంట్లో ఒక్క మాట అబద్ధమని తేలినా ఈ పాలసీ చెల్లదు."

"ఒక్కటైనా?"

"ఒక్కటైనా."

ఫారం ఆయన చేతిలోంచి తీసుకుని నేనే చింపేశాను. రెండో ఫారం మీద జాతి తెలియదు అని రాయించాను. దొరికిన చోటు కాడుగోడి స్టేషను, బెంచీ కింద. జాతి తెలియని కుక్కకు పాలసీ ఇస్తారా అని భయపడుతూ అడిగాను. ఆయన నవ్వాడు.

"చచ్చిపోయినప్పుడు వెల కట్టడానికి జాతి కావల్ల. కరిచేదానికి జాతి ఎందుకప్పా?"

ఇంతకుముందు ఎవరినైనా కరిచిందా అన్నది ఆఖరి ప్రశ్న. లేదు అన్నాను. నా పెదవి కదలలేదని నాకే తెలిసింది. పశువుల డాక్టరు దగ్గర కుక్క ఆరోగ్యానికి సర్టిఫికెట్టు తెచ్చి ఇచ్చాను. సంతకం పెట్టాను. "ఇంక ఒకటి మిగిలింది. నేనే వచ్చి మీ వీధిలో నలుగుర్ని అడుగుతా. అడిగినాకనే కాగితం" అన్నాడు ఏజెంటు. నా బుర్రకు అప్పటికి కూడా తట్టలేదు, ఆ నలుగురూ ఏం చెబుతారో. మా వీధిలో అందరికీ కుక్క అంటే ఇష్టమే, మంచే చెబుతారు అనుకుంటూ ఇంటికి వచ్చాను.

రోజులు గడిచాయి గానీ ఏజెంటు రాలేదు. రెండుసార్లు వెళ్ళి గుర్తు చేసి వచ్చాను. శ్రీమంతం గాజుల రోజు రానే వచ్చింది. పెద్దాయన కోడలిని తీసుకుని మా అంగడికి వచ్చాడు. తరతరాలుగా వాళ్ళింటి గాజులు మా గద్దె మీదనే తొడగాలి. ఆ మాట ఆయన తప్పలేదు. అంగడి ముందు ఆయన ఎద్దుల బండి నిలబెట్టి ఉంది. దాంట్లో ఇనుప కడ్డీల పక్కన ఒక గోనెసంచి పరిచి, ఒక తాడు కూడా పెట్టారు. కుక్కను వెనక గదిలో వేసి గడియ పెట్టాను. మా ఆవిడ ఆ తలుపుకు వీపు ఆనించి కూర్చుంది.

"కాగితం యాడప్పా?"

"ఈ రోజు వస్తాదన్నా."

"గాజులు అయ్యేదాకా చూస్తా. రెండో చెయ్యి నిండితే బండి కదులుతాది."

మాలో ఒక ఆచారం ఉంది. ఒక చేతికి తొడిగి రెండో చెయ్యి బోసిగా పెట్టి లేవకూడదు. అందుకని మొదలుపెట్టాక ఎవరూ కదలడానికి లేదు. నేను పచ్చగాజులు గుచ్చిన మలారం తాడు విప్పాను. పిల్ల చెయ్యి చాచింది. ఏడో నెల కాబట్టి వేళ్ళు కొంచెం ఉబ్బి ఉన్నాయి. ఆ పైన వెనక గదిలో కుక్క గోళ్ళతో తలుపు గీరుతుంటే ఆ చప్పుడుకు చెయ్యి కర్రలా బిగుసుకుంది. మొదటి గాజు ఎముక దగ్గరే ఆగిపోయింది. కథ చెప్పాలి. కానీ నా దగ్గర ఉన్న కథలన్నింటిలో కుక్కే ఉంది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి నోరు మూసుకుని కూర్చున్నాను.

అప్పుడే ఏజెంటు వచ్చాడు. చేతిలో చిన్న పుస్తకం ఉంది. నా ముఖం వైపు చూడలేదు.

"పొద్దున్నుంచి మీ వీధి అంతా తిరిగినానప్పా" అన్నాడు. "నువ్వు ఫారంలో ఎవరినీ కరవలేదని చెప్పినావు. ఇక్కడ చూస్తే పదకొండు మందిని కరిచిందంటారు. ఒక దొంగ, ఒక సార్జంటు, చిరుత ఒకటి."

"చిరుత మనిషి కాదు సార్" అన్నాను. లెక్క సరిచేయాలన్న తొందరలో నోరు జారింది.

పెద్దాయన గోనెసంచి వైపు చూశాడు. మా ఆవిడ ఎవరి పెదవులూ విడిచిపెట్టకుండా చూస్తోంది. ఏజెంటు పుస్తకం మూయబోయాడు. అది మూసుకుంటే కుక్క బండెక్కుతుంది. ఆ తరువాత మా ఆవిడ మళ్ళీ గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. నాకు ఆ రెండే కనపడ్డాయి.

"పుస్తకం మూయొద్దు సార్" అన్నాను. "ఒక్కొక్కటి చదవండి. నేను జవాబు చెప్తా."

"కాడుగోడిలో దొంగ."

"దొంగ లేడు. పంచె లేదు. స్టేషనులో ఉండింది నేనూ, కుక్కా, ఒక మేక. ఆ మేకే మా ఇద్దర్నీ పొడిచింది."

అంగడి గుమ్మంలో జనం పోగయ్యారు. ఏజెంటు నన్ను ఎగాదిగా చూశాడు. "ఇన్నాళ్ళూ చెప్పింది అబద్ధమైతే ఈ రోజు చెప్పేది నిజమని ఎట్లా నమ్మేది?"

గుమ్మంలో ఎవరో మా ఆవిడ వైపు చెయ్యి చూపించారు. "ఆయమ్మని అడుగు సార్. ఆయప్ప అబద్ధం ఆడితే ఆయమ్మకి తెలుస్తాది. వీధికంతా తెలిసిన సంగతే."

మా ఆవిడ ఎవరూ అడగకుండానే, "నిజం" అంది. బళేపేట అంతా విన్నది.

"సార్జంటు."

"సార్జంటు దగ్గరికి పోయేంత ధైర్యం దానికి యాడిది సార్? గొడుగు తెరిస్తే మంచం కిందికి పోతాది."

"నిజం" అంది మా ఆవిడ.

కిసుక్కున నవ్వు వినపడింది. ఎవరా అని చూస్తే పెద్దాయన కోడలు. ఆమె చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది. ఎముక దగ్గర ఆగిన గాజు తనంతట తానే జారి మణికట్టు మీదికి వచ్చింది.

ఇక ఆగలేదు. ఏజెంటు ఒక్కొక్కరినే చదివాడు, నేను ఒక్కొక్కరినే బతికించి పంపించాను. అవతల వీధి పాలవాణ్ణి కరవలేదు, వాడి గేదెను చూసి పారిపోయింది. నిజం. పహిల్వాన్ను కరవలేదు, వాడి దగ్గర శనక్కాయలు తిన్నది. నిజం. ఒక్కో అబద్ధం వెనక్కి తీసుకుంటుంటే ఆ పిల్ల నవ్వుతోంది, చెయ్యి మెత్తబడుతోంది, గాజు దిగుతోంది. ఇన్నాళ్ళ నా వ్యాపారంలో అంత తేలిగ్గా దిగిన గాజులు లేవు. చిరుత దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేను కొంచెం బేరమాడాను. ఆ చిరుత అంటే నాకు ప్రేమ.

"చిరుతను తరమలేదు గానీ, దూరంనుంచి చూసి మొరిగింది" అన్నాను.

"అబద్ధం" అంది మా ఆవిడ.

"చిరుత లేదు సార్" అన్నాను.

"మా ఊరికాడ చిరుత లేదని నేను అప్పుడే అనుకున్నా చిన్నాయనా" అంది పిల్ల. "మామ కూడా అదే చెప్తే నమ్మేసినా."

నేను వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాను. "సార్, చిరుతను తీసేసినా పుస్తకంలో పదకొండు మంది ఉండారు. నేను చెప్పింది ఎనిమిది మంది సంగతే. మిగిలిన ముగ్గురూ నావాళ్ళు కాదు."

ఏజెంటు పుస్తకం చూశాడు. "బావిలోకి తరిమిన జంగమయ్య, రెండు వేళ్ళు పోయిన పోలీసాయన, ఆఖర్న తాలూకా కచేరీలో ఉండే ఒక అమల్దారు."

గుమ్మంలో ఉన్నవాళ్ళు ఒక్కసారిగా పెద్దాయన వైపు తిరిగారు. సాయంత్రాలు ఇనుప అంగడి ముందు జగలి అరుగు మీద కూర్చుని ఆ ముగ్గురి కథలూ చెప్పింది ఎవరో అందరికీ తెలుసు. ఆయన కండువా సర్దుకున్నాడు.

"నేను విన్నదే చెప్పినా" అన్నాడు.

మా ఆవిడ ఆయన పెదవుల వైపు చూసింది. నా ఒక్కడి దగ్గరే ఆ విద్య పనిచేస్తుందనుకున్నాను. "అబద్ధం" అంది.

పెద్దాయన కండువా మళ్ళీ సర్దుకున్నాడు. "అమల్దారు మాత్రం ఊరికే, సుమ్మనే నోటికి వచ్చినాడప్పా" అన్నాడు చివరికి. "తక్కిన ఇద్దరూ కూడా."

"ఇంక ఒకటి ఉండాదన్నా" అన్నాను. నవ్వులు ఆగేదాకా ఉండి, పిల్ల వైపు తిరిగి చెప్పాను. "అమ్మా, ఆ దినం నిన్ను నెట్టింది కరిచేదానికి కాదు. నీ వెనక కడ్డీల బండి వస్తాండింది. మీ చిన్నమ్మకి చెవులు వినపడవని రోజూ అట్లనే నెడతాది. నీకు వినపడతాదని దానికి తెల్దు."

మా ఆవిడ నా ముఖం ఇంకొంచెంసేపు చూసి, అప్పుడు, "నిజం" అంది. ఆ ఒక్కసారి ఆమె గొంతు పెద్దగా లేదు.

ఆ పిల్ల ఎడమచెయ్యి నా ముందు పెట్టి, "కుక్కని విడవండి చిన్నమ్మా" అంది. మా ఆవిడ లేచి గడియ తీసింది. కుక్క బయటికి వచ్చి, జనాన్ని చూసి తోక ముడిచి, గోడ వారగా నడిచి, ముందు ఏజెంటు బూట్లు వాసన చూసింది. తరువాత మా ఆవిడ దగ్గరికి వెళ్ళి మోకాలికి ముక్కు ఆనించి, మళ్ళీ ఏజెంటు ముందు నిలబడి ఆమె వైపు చూసింది. ఎవరో వచ్చారని చెబుతోంది. ఏజెంటు కాసేపు దాన్నే చూసి పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. అమల్దారుని కొట్టివేయడం నేను కళ్ళారా చూశాను.

రెండో చెయ్యి నిండేసరికి పెద్దాయన బయటికి వెళ్ళి బండివాడితో, "ఆ తాడు తీసెయ్. కడ్డీలు ఒకటే పోతాయి" అన్నాడు.

కాగితం వారానికి వచ్చింది. చిన్నదే, సింహాలు లేవు. పెద్దాయన దాన్ని తిరగేసి, మరగేసి చూసి, ఏజెంటు చేతనే తెలుగులో చదివించుకున్నాడు. కింద ఒక షరతు ప్రత్యేకంగా టైపు కొట్టి ఉంది. యజమాని తన కుక్క ఎవరినైనా కరిచిందని గానీ, తరిమిందని గానీ ఎక్కడా చెప్పకూడదు. చెబితే ఆ రోజునుంచి పాలసీ రద్దు. కంపెనీలో ఏ కుక్కకూ ఇటువంటి షరతు ఇంతవరకు పెట్టలేదని, ఇది నాకోసమే రాసిందని ఏజెంటు చెప్పాడు. నేను విని, రెండుసార్లు ఆలోచించి, సంతకం పెట్టాను. ఏడాదికొకసారి తప్పకుండా తిరగరాయిస్తున్నాను. పెద్దాయన మనవడు ఇప్పుడు ఆ కుక్క వాలిపోయిన చెవి పట్టుకునే నడక నేర్చుకున్నాడు.

పెద్దాయన మధ్యాహ్నాలు వచ్చి మా జగలి మీద కూర్చుంటాడు. షరతు తప్పుతానేమోనని కాపలా. మా ఆవిడ లోపలనుంచి నా పెదవులు చూస్తుంటుంది. ఇద్దరి మధ్య కూర్చుని నా వ్యాపారం నేను చేసుకుంటున్నాను. మొన్న ఒకావిడ చెయ్యి ఎముక దగ్గర బిగిసిపోయింది. కళ్ళు మూసుకుని, "ఆ చిరుత కథ చెప్పన్నా" అని అడిగింది. పెద్దాయన కండువా తీసి భుజం మార్చుకున్నాడు.

"అత్తిబెలె చింతతోపమ్మా" అని మొదలుపెట్టాను. "చిరుత ఇట్లా నిలబడి ఉండాది. దానికి ఎదురుగా, కాడుగోడినుంచి నడిచొచ్చిన ఒక మేక."

గాజు దిగింది. మేకకు ఇన్సూరెన్సు లేదు.